మబ్బు చాటు గ్రహణం

మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చుదామనుకునే వేళకు సరిగ్గా మా అక్క నుంచి ఫోను వస్తుంది. ఎత్తగానే తిన్నావా, ఎట్లున్నావు అన్న మాటలేవీ లేకుండా కత్తెర ఎక్కడ పెట్టావు, కత్తిపీట ఎవరికి అందేలా ఉంది, ఇంట్లో బ్లేడు ముక్క కూడా కనబడకూడదు అని మొదలుపెడుతుంది. ఆమె మనవరాలు, అంటే కూతురి కూతురు, ఇప్పుడు వట్టి మనిషి కాదు. ఐదో నెల, దవాఖాన దగ్గరని హన్మకొండలో మా ఇంట్లోనే ఉంటోంది. రాబోయే అమావాస్యకు సూర్యగ్రహణమని, కడుపుతో ఉన్నవాళ్ళు అది ముట్టకూడదు ఇది ముట్టకూడదని టీవీలో ఒక శాలువా పెద్దమనిషి బెదరగొట్టాడట, అది విన్నప్పటి నుంచి కొత్తవాడలో ఉన్న మా అక్కకు అన్నం సహించడం లేదు. ఆ పెద్దమనిషి నాకు ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలియదు. డెబ్బై ఏళ్ళ మనిషిని, బీపీ ఉంది, కోపం తగ్గించుకోమని డాక్టరు చెబుతూనే ఉన్నాడు, అయినా గ్రహణం అన్న మాట చెవిన పడితే చాలు నా ఒళ్ళు భగ్గున మండుతుంది.

మొన్న అట్లాగే ఫోను పెట్టేసి రుసరుసలాడుతుంటే మనవరాలు నవ్వి, ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీద లాప్‌టాప్ తెరిచి, నన్ను పక్కన కూర్చోమంది. ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్ అట, పైసా కట్టక్కర్లేదట, ఎవరైనా దించుకోవచ్చట. ఊరి పేరు కొడితే ఆ ఊరి మీది ఆకాశం గదిలోకి వచ్చేస్తుంది, తేదీ మారిస్తే ఆ నాటి సూర్యుడు, ఆ నాటి చుక్కలు. మన రోజుల్లో ఇటువంటిది చూడాలంటే హైదరాబాదు బస్సెక్కి నక్షత్రశాలకు పోయి వరుసలో నిలబడవలసి వచ్చేది, ఆ నక్షత్రశాల కూడా చాలా ఏళ్ళకు గాని రాలేదు. ఈ పిల్ల రాబోయే అమావాస్య పెట్టి చూపించింది. వరంగల్ మీద సూర్యుడు తెల్లవారి లేచి సాయంత్రానికి దిగిపోయాడు, ఎక్కడా ఒక్క గీటు పడలేదు. ఆ గ్రహణం మన దగ్గర కనబడనే కనబడదట.

“ఫికర్ చెయ్యకు చిన్నమ్మమ్మా, అమ్మమ్మకు నేను చెప్తా,” అని, ఆ తర్వాత మాటవరసకు ఇంకో సంగతి చెప్పింది. ముందుకే కాదు, ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు వెనక్కి కూడా పోవచ్చట. మీరు నమ్మండి, ఆ క్షణంలో మా ఇంట్లో లాప్‌టాపూ లేదు, టీవీ పెద్దమనిషీ లేడు. కొత్తవాడలో మా అక్క అత్తగారు వాకిట్లో నిలబడి చేతులు తిప్పుతూ అరిచిన అరుపే వినబడింది.

కొత్తవాడ అప్పుడెట్లా ఉండేదో మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏ వీధిలో నడిచినా రెండు వైపులా మగ్గాల చప్పుడు, వెదురు గడల మీద ఆరేసిన రంగు నూలు, మోరీలో ఒకనాడు ఎర్రనీళ్ళు ఒకనాడు పచ్చనీళ్ళు. ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లాలో వదిలినప్పుడు మాత్రం ఆ చప్పుడును మించిన కొట్లాటలు. మా నాన్న జంపఖానాలు నేసేవాడు, అక్కను ఇచ్చింది కూడా రెండు వీధుల అవతల నేతింట్లోనే. మగ్గం దించిన జంపఖానాకు రెండు కొసలా వేలాడే పోగులను ముడులు వేసి సమానంగా కత్తిరించడం ఆడవాళ్ళ పని. ఆ పనిలో మా అక్కకు సాటి లేదు. ఆమె చేతిలో కత్తెర ఆడుతుంటే కబుర్లు చెప్పే వాళ్ళు కబుర్లు ఆపి చూసేవాళ్ళు. కొలబద్ద ఉండేది కాదు, ఒక్క పోగు హెచ్చుతగ్గయ్యేది కాదు. బేరానికి వచ్చిన సావుకారు కూడా ముందు కుచ్చులు చూసి, ఇది పెద్దమ్మాయి కోసిందేనా అని అడిగేవాడు. పొగిడితే అక్క తల వంచుకుని ముసిముసిగా నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

అమావాస్య నాడు మా వీధుల్లో మగ్గం ఆపేవాళ్ళు. నేత లేదు గనుక ఆడవాళ్ళు మిగిలిపోయిన కొసలన్నీ ఆ రోజే కూర్చుని కత్తిరించుకునేవాళ్ళు. డెబ్బైల మొదట్లో, ఒక వానాకాలపు అమావాస్య నాడు, మా అక్క తన అత్తగారి అరుగు మీద అట్లాగే కూర్చుని పొద్దంతా కత్తిరించింది. కొత్తగా నీళ్ళు పోసుకుని ఉంది అప్పటికి. వాన పడదు, మబ్బు విడవదు, అట్లాంటి రోజు. వీధిలో ఎవరూ పట్టుస్నానం చేయలేదు, ఎవరూ పచ్చడి జాడీల్లో గరిక వేయలేదు, అందరూ ఎప్పటిలాగే వండుకుని తిన్నారు. పక్కింటి రేడియోలో మాత్రం వార్తల మధ్య సూర్యగ్రహణం అన్న మాట వచ్చిందట, అదీ అరకొరగా విన్నారట. ఆ రోజు దాని గురించి ఎవరూ ఇంకో మాట అనుకోలేదు.

చలి తగ్గే రోజుల్లో మా ఇంట్లో అక్కకు పురుడు వచ్చింది. ఆడపిల్ల. పై పెదవి చీలి, ఆ చీలిక ముక్కు దాకా పోయింది. మంత్రసాని పిల్లను ఎత్తి చూసి గ్రహణం మొర్రి అంది, ఇక వేరే విచారణ ఏదీ జరగలేదు. కబురు తెలిసి వచ్చిన అత్తగారు లోపలికి కూడా రాకుండా, వాకిట్లోనే నిలబడి, వీధంతా వినేలా మొదలుపెట్టింది.

“సూర్యుణ్ణి పాము మింగుతాంటె నువ్వు కత్తెర వట్టుకొని కూసుంటివి గదనే! పోగులు తెగినయనుకున్నవా? నా మనవరాలి మూతి తెగింది!”

మా అమ్మ ఊరుకోలేదు. గ్రహణం పడితే మీ ఇంట్లో ఆ మధ్యాహ్నం పొయ్యి ఎందుకు వెలిగిందని అడిగింది. మబ్బుల చాటున పట్టింది కాబట్టి ఎవరికీ కనబడలేదని ఆవిడ జవాబు. అంతటితో ఆగితే బాగుండేది. తనకు ఆ రోజే అనుమానం వచ్చి లోపల పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టానని, రోకలి నిట్టనిలువుగా నిలబడ్డదని, దేవుడి మీద ఒట్టు పెట్టింది. గ్రహణం ఉన్నంత సేపే రోకలి నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మన వైపు ఎంత గట్టి నమ్మకమో మీకు తెలుసు. వీధి వీధంతా ఆ రోకలి మాటకు తల ఊపింది. ఆ రోకలిని చూసిన వాళ్ళు ఒక్కరు లేరు, అయినా అందరూ చూసినట్టే మాట్లాడారు. అంత అనుమానమే వచ్చి ఉంటే అరుగు మీద కూర్చున్న కోడలి చేతిలోంచి కత్తెర ఎందుకు లాక్కోలేదమ్మా అని అడగాలన్న ఆలోచన మా వాళ్ళలో ఎవరికీ ఆ గడబిడలో రాలేదు. బావ ఏమన్నాడంటారా? గోడకు ఆనుకుని బీడీ కాల్చాడు. పురిటికి వచ్చిన మనిషిని తీసుకుపోవడానికి మళ్ళీ రాలేదు, కొన్నాళ్ళకు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను ఇప్పటికీ కాల్చుకు తినేది ఇంకొకటి ఉంది. మా అక్క ఆ మాట నమ్మింది. అత్తగారిని ఎదిరించి ఏడ్చి ఉంటే, తిట్టి ఉంటే, నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆమె మాత్రం నిజంగా తన చేతితోనే తన బిడ్డ పెదవి కోశానని నమ్మేసింది. పాలు చప్పరించలేక పిల్లకు పొలమారుతుంటే దూదితో చుక్క చుక్క పిండుతూ, నా చేతులు పడిపోను అని తన చేతులనే తిట్టుకునేది. ఆనాటి నుంచి కత్తెర ముట్టలేదు. మా ఇంట్లో నాన్న నేసిన జంపఖానాల కొసలు తనే ముడులు వేసేది, కత్తిరించే వంతు వచ్చేసరికి లేచి పోయేది. చిరిగిన రవిక కుట్టుకున్నా దారం పళ్ళతో కొరికేది. నోట్లో ఎప్పుడూ ఒక పోగు ముక్క అంటుకుని ఉండేది. వీధిలో ఎవరికి సీమంతమైనా మా ఇంటికి పిలుపు రావడం మానేసింది, నల్లా దగ్గర కడుపుతో ఉన్నవాళ్ళు ఆమెను చూసి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ నల్లాకే అత్తగారు కూడా బిందె పట్టుకుని వచ్చేది, ఎంత దర్జాగా వచ్చేదనుకున్నారు!

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, సైన్సు. పొగరు బాగానే ఉండేది. మా ఇంట్లో రోకలికి అడుగు భాగం వెడల్పుగా ఉండేది, దాని ఇనుప పొన్ను అరిగి చదునైపోయింది. ఒకరోజు, అమావాస్యా కాదు పున్నమా కాదు, భగభగలాడే ఎండలో, దాన్ని తెచ్చి వాకిట్లో పళ్ళెంలో నిలబెట్టాను. శుభ్రంగా నిలబడింది. ఎందుకు నిలబడదు? నీళ్ళ కోసం చేరిన ఆడవాళ్ళందరినీ చూడండి చూడండి, ఏ గ్రహణమూ లేకుండా నిలబడింది అని గొంతు చించుకుని పిలిచాను. వాళ్ళలో ఒక ముసలమ్మ రోకలిని చూసి, “ఏందే, గ్రహణం వట్టిందా? జర ముందుగాల చెప్పొద్దా!” అని బిందె అక్కడే వదిలి స్నానానికి ఇంటికి పరుగెత్తింది. ఆవిడ వెనకాల ఇంకొకావిడ. మా అమ్మ బయటికి వచ్చి రోకలిని తన్ని పడేసి, నా చెంప ఛెళ్ళుమనిపించింది. అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసి లోపలికి పోయింది. ఆ సాయంత్రమూ పళ్ళతోనే దారం కొరికింది.

మా సైన్సు లెక్చరరును కూడా అడిగాను. దీపం, బంతి పెట్టి గ్రహణం ఎట్లా పడుతుందో క్లాసులో ఎంత చక్కగా చెప్పేవాడో. ఆ అమావాస్య నాడు మన ఊళ్ళో గ్రహణం ఉందా లేదా చెప్పండి సార్ అంటే, మబ్బు పట్టిన రోజు సంగతి ఎట్లా చెప్పగలం, అయినా కడుపుతో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది అన్నాడు. ఆయన భార్య కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వస్తే తలుపులకు దుప్పట్లు కట్టాడని తర్వాత తెలిసింది. దీపమూ బంతీ పరీక్షల కోసమే అన్నమాట.

పిల్లకు నడక వచ్చాక పెద్ద దవాఖానలో పెదవి కుట్టారు. సన్నటి గీత తప్ప ఇప్పుడేమీ లేదు. నెక్కొండలో కాపురం చేసుకుంటూ హాయిగా ఉంది, ఈ మనవరాలితో సహా ఆమె పిల్లల పెదవులు చక్కగా ఉన్నాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు అక్కను కూర్చోబెట్టి, ఇది ఎవరి తప్పూ కాదమ్మా, కొందరు పిల్లలకు కడుపులోనే ఇట్లా అవుతుంది, కుడితే బాగవుతుంది అని ఓపిగ్గా చెప్పాడు. అక్క తల ఊపింది. బయటికి వచ్చాక నన్ను పట్టుకుని, “దేవుని అసుంటోడు, నా తప్పు కుట్టిపెట్టిండు,” అంది.

ఎనభైలు మొదలైనప్పుడు వచ్చిన ఆ గ్రహణం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, మధ్యాహ్నం పూట సందెవేళలాగా మసకబడిపోయింది. పొద్దున్నే ఎదురింటావిడ మా గుమ్మంలోకి వచ్చి, ఎంతో మర్యాదగా, తన కోడలికి ఏడో నెల అని, గ్రహణం విడిచే దాకా మీ అక్కను వాకిట్లోకి రానివ్వకండి, ఆమె నీడ మా గడప మీద పడితే ఏమవుతుందో అని చేతులు జోడించింది. నేను ఆ జోడించిన చేతుల మీదికి పోయాను. నోటికి వచ్చినవన్నీ అన్నాను, అనకూడనివి కూడా అన్నాను, వీధి పోగయింది. ఆఖరికి నన్ను లోపలికి లాక్కుపోయింది ఎవరనుకున్నారు? మా అక్కే. “ఆమె తప్పేముంది చెల్లె, నేను లోపల్నే ఉంట,” అని కూతుర్ని ఒళ్ళో వేసుకుని, ఇద్దరి మీదా కంబళి కప్పుకుని మూల గదిలో కూర్చుంది. పిల్లకు ఉక్కపోసి ఏడుస్తున్నా కంబళి తీయలేదు. నేను మసిపట్టిన అద్దం ముక్క తీసుకుని వీధిలోకి వచ్చాను. ఒక్క మనిషి లేడు, ఒక్క మగ్గం చప్పుడు లేదు. కొరికిన రొట్టె ముక్కలాంటి సూర్యుణ్ణి అద్దంలోంచి చూస్తూ, నా నోరు నొప్పి పుట్టే దాకా తిట్టాను.

ఇన్నేళ్ళ ఈ మంట కడుపులో పెట్టుకున్న మనిషికి, వెనక్కి పోవచ్చు అని ఆ పిల్ల చెప్పిందంటే ఎట్లా ఉంటుందో చూడండి. ఆ ఏడాది పెట్టమన్నాను. గ్రహణాల పట్టీ కూడా అందులోనే ఉందట. ఆ వానాకాలంలో సూర్యగ్రహణం ఒక్కటే, అమావాస్య నాడు. ఊరు వరంగల్. తెల్లవారింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆ నాటి మబ్బులు ఉండవు గదా, సూర్యుడు నిగనిగలాడుతూ లేచాడు. మనవరాలు ఆయన్ను పళ్ళెమంత చేసి చూపించింది. పొద్దు ఎక్కింది, మధ్యాహ్నమైంది, అక్క అరుగు మీద కత్తెర పట్టుకుని కూర్చున్న వేళ వచ్చింది, పోయింది. సూర్యుడు గుండ్రంగానే ఉన్నాడు. గోటి గాటంత కూడా తరగలేదు. పడమటికి వాలి అట్లాగే నిండుగా దిగిపోయాడు.

మరి రేడియో అబద్ధం చెప్పిందా అన్నాను. మనవరాలు ఒక మీట నొక్కగానే తెర మీద నేల మాయమైంది, మన కాళ్ళ కింద ఉన్న సూర్యుడు కనబడ్డాడు. కొత్తవాడ అంతా దుప్పట్లు కప్పుకుని నిద్రపోయే వేళకు చంద్రుడు ఆయన దాపుకు వచ్చి పక్కనుంచి దాటిపోయాడు. అప్పుడా పిల్ల ఊరు మార్చి ఎక్కడో ఉత్తరాన ఒక మంచు దేశం పెట్టింది, అక్కడ పగలు. అక్కడ మాత్రం చంద్రుడు సూర్యుణ్ణి నిజంగానే కప్పేశాడు. అంటే గ్రహణం పట్టింది, కానీ మన ఊళ్ళో కాదు, మన పగటిలో కాదు. మబ్బుల చాటున లేదు, భూమి చాటున ఉంది. ఎవరిదో దేశపు గ్రహణం తెచ్చి మా అక్క నెత్తిన రుద్దారు.

మనవరాలు అన్న మాట కూడా చెప్పాలి. ఇక్కడ పట్టి ఉంటే మాత్రం కత్తెరకూ పెదవికీ ఏం సంబంధం చిన్నమ్మమ్మా, దీంతో రుజువు చేయాల్సిన పనేముంది అంది. నిజమే. కానీ ఆ మాట డాక్టరే చెప్పి చూశాడు. మా అక్క మనసులో గ్రహణం అట్లాగే పట్టుకుని ఉన్నంత కాలం ఆ మాట లోపలికి పోదు, ముందు ఆ గ్రహణాన్నే తీసేయాలి.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని కొత్తవాడ పోయాం. ఎక్కడో ఒకటీ అరా మగ్గం తప్ప చప్పుడే లేదిప్పుడు, అరుగులు పోయి షట్టర్లు వచ్చాయి. అక్క మంచం మీద కూర్చుని పుట్టబోయే ముని మనవడికో మనవరాలికో పాత చీరలతో బొంత కుడుతోంది. పళ్ళు చాలా ఊడిపోయాయి, దవడ పక్కన మిగిలిన వాటితోనే దారం కొరుకుతోంది. మనవరాలు లాప్‌టాప్ ముందు పెట్టి ఆ రోజును నెమ్మదిగా నడిపించింది. అక్క కళ్ళజోడు సర్దుకుని చూసింది. మొదట మబ్బు ఎటు పోయిందని అడిగింది. మధ్యాహ్నం దాటుతుంటే మాత్రం తెరకు దగ్గరగా వంగింది. సూర్యుడు నిండుగా దిగిపోయాక, ఇంకోసారి పెట్టమంది. మళ్ళీ పెట్టింది మనవరాలు. మళ్ళీ అట్లాగే దిగిపోయాడు.

“ఇండ్ల నేను కనబడుతనా బిడ్డా?” అని అడిగింది.

ఆకాశమే కనబడుతుంది, మనుషులు కనబడరు అని మనవరాలు చెప్పింది. అక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకుని దగ్గరికి జరిగాను. ఏడవలేదు. ఆమె మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి. నా జన్మలో మా అక్క మొహంలో అంత కోపం చూడలేదు.

“రోకలి నిలవడ్డదని ఒట్టు వెట్టుకున్నది గదనే! దాని నోట్ల మన్నువడ! నా చేతులు చూసి ఓర్వలేక ఒట్టు వెట్టుకున్నది! ఉత్తగనే… ఉత్తగనే నేను నా పిల్లను కోసిన్నని ఇన్నేండ్లు…”

అరుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. అత్తగారిని తిట్టింది, బావను తిట్టింది, తల ఊపిన వీధినంతా పేరు పేరునా తిట్టింది, అన్నీ విని ఎందుకు నమ్మితినే అని తనను తాను తిట్టుకుంది. ఎన్నో ఏళ్ళు నేను ఎదురుచూసిన తిట్లు అవి. వాటిని వింటూ నేను సంతోషించాలి గదా, నాకు దుఃఖం ఆగలేదు. ఆ తిట్టు తగలవలసిన వాళ్ళు ఒక్కరు కూడా లేరు. అత్తగారు పోయింది, బావ పోయాడు, కొంగు అడ్డం పెట్టుకున్న వాళ్ళూ, స్నానానికి పరుగెత్తిన వాళ్ళూ పోయారు, ఆ నల్లా ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. నాన్న వాకిట్లో ఒకప్పుడు అక్క మాట వినే దిక్కు లేదు. ఇవాళ పైసా ఖర్చు లేకుండా ఆకాశమే ఇంటికి వచ్చి సాక్ష్యం చెబితే, ఆ సాక్ష్యం వినవలసిన చెవులు లేవు. ఇన్ని వచ్చాయి, కరెంటు, టీవీ, చేతిలో ఫోను, ఒళ్ళో నక్షత్రశాల, అన్నీ మా అక్క బతుకు అయిపోయాక వచ్చాయి. ఆ టీవీలో ఇంకా ఆ శాలువా పెద్దమనిషే కూర్చుని ఉన్నాడు. ఎవరి మీద అరవాలి మేము?

అలసిపోయి అక్క ఆగింది. ఒళ్ళో బొంత, బొంత నుంచి సూదికి వేలాడుతున్న దారం. ఉన్నట్టుండి, “కత్తెర ఏదే?” అంది నాతో. లేచి గూళ్ళు, డబ్బాలు, మంచం కింద ట్రంకు పెట్టె అన్నీ వెతికాను. ఆ ఇంట్లో కత్తెర లేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేదు. పక్క సందులో దర్జీ దగ్గర అడిగి తెస్తానని మనవరాలు చెప్పులేసుకుని బయల్దేరింది. ఐదో నెలలో కత్తెర పట్టుకుని నడిచి వస్తుందని తెలిసి కూడా అక్క వద్దనలేదు.

ఆ పిల్ల వచ్చే దాకా మా అక్క ఆ దారాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.